ఆర్చ్‌బిషప్పుగారి తరుగు

వీధి చివర కంసాలి తరుగు పేరుతో రవ్వంత బంగారం ఎక్కువ లెక్క రాస్తే, ఇంటిల్లిపాదీ వారం రోజులు తిట్టిపోస్తాం. మనకు భక్తి చాలదు. అదే తరుగును ఓ ఆర్చ్‌బిషప్పు తీస్తే దాని అందమే వేరు.

జర్మనీలో రైన్ నది వైపున్న కొలోన్, మైన్జ్, ట్రియర్ ఆర్చ్‌బిషప్పులు ఉత్త మతగురువులు కారు. రాజ్యాలేలినవాళ్లు, రాజును ఎన్నుకునే ఓటున్నవాళ్లు. అలా ఓటున్నవాళ్లు బంగారు నాణేలు కొట్టుకోవచ్చని 1356లో శాసనమే వచ్చింది. ఆ కాలంలో జర్మన్ నేలమీద కొట్టిన తొలి గుల్డెన్లకు, అంటే బంగారు నాణేలకు, బొమ్మలు మాత్రం ఇటలీలోని ఫ్లోరెన్స్ నగర నాణేలవి: ఒకవైపు లిల్లీ పువ్వు, రెండోవైపు సెయింట్ జాన్. దీన్ని కాపీ అనకూడదు, గురుభక్తి అనాలి.

1386లో ఈ ముగ్గురూ, పక్కనున్న పాలటినేట్ ప్రభువూ కలిసి ఒప్పందం చేసుకున్నారు. అందరిదీ ఒకటే నాణెం, మూడున్నర గ్రాముల బరువు, 23 క్యారట్లు. మేలిమికి కాస్త తక్కువ, అంతే. 1409 నాటికి 22 క్యారట్లు. అంటే మన 916 అన్నమాట, కంగారు పడనక్కర్లేదు. 1417లో 20. 1425లో 19. నలభై ఏళ్లు తిరక్కుండానే నాలుగు క్యారట్లు ఆవిరయ్యాయి. ఈ గుల్డెన్లలో కొన్నిటి మీదున్న సెయింట్ పీటర్ మాత్రం రవ్వంత కూడా చిక్కిపోలేదు, చేతిలో తాళంచెవి అలాగే ఉంది. చుట్టూ లాటిన్‌లో రాసింది 'కొత్త బంగారు నాణెం' అని. కొత్తదన్నది నిజం.

గిట్టనివాళ్లు దీన్ని మోసం అంటారు. బంగారం మీద మోజు ఒక్కసారిగా చంపుకోమంటే సామాన్యుడి తరమా? క్యారట్ తర్వాత క్యారట్ వదిలించడమే దయగల పద్ధతి. పైగా రైన్ నదిలో పడవ ఆపి సుంకం అడిగేదీ వాళ్లే, నాణెం కొట్టేదీ వాళ్లే. జనానికి తిరిగే శ్రమ కూడా తప్పింది. వర్తకులు మాత్రం విశ్వాసం లేని మనుషులు. పీటరుగారి మొహం చూసి నమ్మకుండా గీటురాయి మీద గీసి చూసేవారు.

ఇదే పని ఇంట్లో కూర్చుని చేసినవాడి సంగతి వేరు. దొంగ నాణేలు కొట్టేవాణ్ణి నిప్పుల్లో కాల్చమంది 1532లో ఐదో చార్లెస్ చక్రవర్తి శిక్షాస్మృతి. పాపం, వాడికి ఓటు లేదు.

గుల్డెన్ అంటే 'బంగారుది' అని అర్థం. ఆ తర్వాతి కాలంలో వెండితోనూ గుల్డెన్లు కొట్టారు. పేరు మార్చలేదు.