గునుగు పూలకు అకడమిక్ క్యాలెండర్

బెంగళూరులో చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థుల తరఫున ప్రకృతికి రాసుకునే విన్నపం. విషయం: శరదృతువు తేదీల మార్పు.

బతుకమ్మ రోజులు వచ్చేసరికి మా ఊళ్లో చెరువు నిండి ఉంటుంది. పొట్టకొచ్చిన వరి, చేను గట్ల మీద గునుగు, బీడుల్లో తంగేడు, గుట్ట మీద సీతాఫలం. సరిగ్గా అప్పుడే మా కాలేజీలో ఇంటర్నల్స్. 85 శాతం అటెండెన్స్ లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఊళ్లో బడి పిల్లలకు దసరా సెలవులు దాదాపు రెండు వారాలు. మాకు ఆయుధపూజ, విజయదశమి, అంతే. పోయి రావచ్చు కదా అంటారు. పండగ ముందు ప్రైవేటు బస్సు టికెట్ ధర చూశాక ఊరి మీద బెంగ కూడా వెయిటింగ్ లిస్టులోకి వెళ్తుంది. సెమిస్టర్ సెలవులు జనవరిలో ఇస్తారు. అప్పటికి గునుగు ఎండి పుల్లయి ఉంటుంది.

కాలేజీ మారదు. యూనివర్సిటీ అసలే మారదు. కాబట్టి ప్రకృతే సర్దుకోవాలని మేముండే పీజీ హాస్టల్ మూడో అంతస్తు ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఋతువులు ఎక్కడైనా తేదీలు మార్చుకుంటాయా అనేవాళ్లు ముందు లాల్‌బాగ్ చూసి రావాలి. అక్కడ ఏటా రెండు పూల ప్రదర్శనలు: స్వాతంత్ర్య దినానికి ఒకటి, గణతంత్ర దినానికి ఒకటి. అంటే ఇక్కడి పూలు గెజిటెడ్ సెలవులు చూసుకునే పూస్తాయన్నమాట. 1908లో ఈ ఊరొచ్చిన జర్మన్ ఉద్యానవేత్త క్రుంబిగల్ అయితే, ఏడాది పొడవునా ఏదో ఒక వీధి పూస్తూ ఉండేలా చెట్లను వంతులవారీగా నాటించాడు. బెంగళూరులో షిఫ్టు డ్యూటీలు ఐటీ కంపెనీలతో మొదలు కాలేదు. ఇన్ని చెట్లు మాట విన్నాక ఒక్క తంగేడుకు ఎందుకంత మొండితనం?

నగరం మమ్మల్ని పట్టించుకోలేదనడం కూడా అన్యాయం. 2022 సెప్టెంబరు వరదల్లో ఇక్కడ ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారు. ఔటర్ రింగ్ రోడ్డు నిండిన చెరువులా అందంగా మత్తడి దుంకింది. పల్లెను గుర్తుచేయడానికి ఒక మహానగరం ఇంతకన్నా ఏం చేయగలదు?

వెన్నెల విషయంలోనే లోటు. ఇక్కడ బాగా వానలు పడే నెలలు సెప్టెంబరు, అక్టోబరే. పున్నమి చంద్రుడు మబ్బు చాటున వర్క్ ఫ్రమ్ హోం చేస్తుంటాడు. శరద్రాత్రులు తెలుగువాళ్లకు మొదటి నుంచీ అచ్చిరాలేదేమో కూడా. 11వ శతాబ్దంలో నన్నయ భారతం ఆగిపోయింది శరద్రాత్రుల వర్ణన దగ్గరే. ఆయనకూ ఇంటర్నల్స్ వచ్చి ఉంటాయి. ఆ బ్యాక్‌లాగ్ క్లియర్ చేయడానికి 14వ శతాబ్దంలో ఎర్రన రావాల్సి వచ్చింది.

దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదంటారు. తలెత్తితే మెట్రో పిల్లర్ కనిపిస్తుంది. తల దించితే పగిలిన బూడిద గుమ్మడికాయలు. వాటి గుజ్జు మీద బైకు జారినవాడికి దిష్టి పోయిందో, కొత్తది తగిలిందో తేల్చడం కష్టం. మర్నాడు బండ్లకు కట్టిన అరటి పిలకలన్నీ వీధి చివర కుప్పలవుతాయి. ఇన్‌స్టాలో ఎర్రటి మేపుల్ ఆకులు పెట్టి అక్టోబరును తలుచుకుని దిగులుపడే మిత్రులు ఆ కుప్పల పక్కన ఫొటో దిగితే సరిపోతుంది. మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో అని వాళ్లకు చెప్పి లాభం లేదు. లైకులు శిశిరం దాకా ఆగవు.

కాబట్టి మా కోరికలు: గునుగు, తంగేడు జనవరి మొదటి వారంలో పూయాలి. సెమిస్టర్ పరీక్షలు ముగిసేదాకా చెరువు మత్తడి దుంకకుండా ఓపిక పట్టాలి. సీతాఫలాలు మేం బస్సు దిగిన రోజు పండితే చాలు, తొందరేం లేదు.

పంపే ముందు ఈ విన్నపాన్ని ఫోన్లో మా నాయినకు చదివి వినిపించాను. గునుగు దగ్గరే ఆపేశాడు.

"అది పత్తి చేన్ల కలుపు గదరా. పీకలేక సస్తున్నం. ఇగ జనవరిల గూడ పూయాల్నా?"

కాసేపాగి, పత్తి ఏరడానికి కూలోళ్లు దొరకడం లేదని, పచ్చటి చేను చూడాలని అంతగా ఉంటే ఒక వారం వచ్చి పొమ్మని అన్నాడు. 85 శాతం అటెండెన్స్ నిబంధన ఎంత కఠినమైనదో, దాన్ని గౌరవించడం విద్యార్థికి ఎంత అవసరమో ఆయనకు చాలాసేపు వివరించాను.