లైటు ఆర్పడంలో ఆరితేరిన షోరూమ్ వారికి

కూకట్‌పల్లి మెయిన్ రోడ్డు మీద పెద్ద పెద్ద అద్దాల వెనకాల పాత కార్లని మసిపూసి మారేడుకాయ చేసి అమ్ముకుంటున్న సెకండ్ హ్యాండ్ షోరూమ్ యాజమాన్యం వారి దివ్య సముఖమునకు,

ఉప్పల్ నుంచి మీ కస్టమర్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, కారు తప్ప.

నిన్న మధ్యాహ్నం మొత్తం మీ లాంజ్‌లో కూర్చోబెట్టి, పేపర్ కప్పులో కాఫీ అనబడే వేడినీళ్లు ఇచ్చి, సాయంత్రం చీకటి పడేముందు "సర్ ప్రాబ్లం సాల్వ్ అయిపోయింది, ఇగ్నిషన్ కాయిల్, అదే సర్, పెట్రోలు అంటించే నిప్పురవ్వకి కరెంటు ఇచ్చే ముక్క, కొత్తది వేశాం, పది కిలోమీటర్లు టెస్ట్ డ్రైవ్ కూడా కొట్టాం" అని చెప్పి రెండు వేల ఆరొందల బిల్లు చేతిలో పెట్టినందుకు ముందుగా ధన్యవాదాలు. బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి దగ్గింది, డ్యాష్‌బోర్డ్‌లో ఆ పసుపు ఇంజన్ బొమ్మ మళ్లీ కన్ను కొట్టింది. వెనకాల ఆర్టీసీ బస్సు వాడు కొట్టిన హారన్ మీకు కూకట్‌పల్లి దాకా వినపడే ఉంటుంది.

ఆ లైటు గురించే నా బాధ అంతా. మిగతావి నేను ఎప్పుడో మర్చిపోయా. రెండు వందల పాయింట్ల చెకింగ్ అని ఇచ్చిన కాగితంలో జాక్ ఉందా, సన్‌వైజర్ తిరుగుతుందా, అన్నింటికీ ఒకే పెన్నుతో ఒకే ఊపులో టిక్కులు పెట్టారు, పోనీలెండి. డెలివరీ రోజు రిబ్బన్ కట్టి, అట్టముక్క తాళంచెవి చేతికిచ్చి ఫోటో తీసి, కారు గేటు దాటకముందే నా ఫోన్ లాక్కుని "సర్ ఒక్క ఫైవ్ స్టార్" అని మీరే నొక్కేసుకున్నారు, అదీ పోనీ. ఆర్సీ ఇప్పటికీ పాత ఓనర్ పేరు మీదే ఉంది. అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టంలో ఉందట, మీ దగ్గర మాత్రం "ప్రాసెస్‌లో ఉంది సర్" అనే సెక్షన్ ఒక్కటే నడుస్తుంది. నా చలాన్లు పాపం కరీంనగర్‌లో ఉన్న ఆ పెద్దాయన ఫోన్‌కి పోతున్నాయి, ఆయన నాకు ఫోన్ చేసి "ఏం సార్, మళ్ల సిగ్నల్ జంప్ చేసిన్రట" అని అడుగుతుంటే మా ఇంట్లోవాళ్లకంటే ఆయనకే నా తిరుగుళ్లు ఎక్కువ తెలుస్తున్నాయి.

కానీ లైటు. లైటు వెలిగిందని వస్తే మీ కుర్రాడు స్టీరింగ్ కింద స్కానర్ గుచ్చుతాడు, ఏదో నొక్కుతాడు, లైటు ఆరిపోతుంది, "అయిపోయింది సర్" అంటాడు. జ్వరం అని వస్తే థర్మామీటర్ దులిపి చూపించి పంపినట్టుంది మీ వైద్యం. అది ఆరిపోతే రోగం పోయినట్టు కాదు, ఇంజన్ కంప్యూటర్ రాసుకున్న ఫిర్యాదు మీరు చెరిపేశారంతే. మళ్లీ మిస్‌ఫైర్ అవ్వగానే, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా అంటుకోకపోగానే, అది మళ్లీ రాస్తుంది, పాపం దానికి మీలాగా మొహమాటాల్లేవు.

ఇలా కాదని నేనే కోఠి గుజరాతీ గల్లీకి పోయి ఒక చిన్న బ్లూటూత్ స్కానర్ కొనుక్కొచ్చా. పీ 0302 అనే కోడ్ చూపించింది, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్. మా గల్లీ చివర మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన పెద్ద హంగామా ఏం చెయ్యలేదు, బానెట్ ఎత్తి, రెండో సిలిండర్ కాయిల్ పీకి ఒకటోదానికి, ఒకటోది రెండోదానికి మార్చి, స్టార్ట్ చేసి ఓ రౌండ్ తిప్పుకురమ్మన్నాడు. కోడ్ 0301 అయింది. కాయిల్‌తో పాటే రోగమూ నడుచుకుంటూ పక్క సిలిండర్‌కి వెళ్లిందంటే ప్లగ్గు కాదు, ఇంజెక్టర్ కాదు, కాయిలే అని తేలిపోయింది. పది నిమిషాల పని. మీ ఏసీ షోరూమ్‌లో, గోడకి అన్ని సర్టిఫికెట్లు తగిలించుకుని, ఇన్నాళ్లూ ఎవ్వరికీ తట్టని పని.

భాయే కొత్తది వేసేస్తానన్నాడు. వారంటీలో ఉంది కదా అని మీ దగ్గరికే తెచ్చా. మీరేమో "సర్ వారంటీ ఇంజన్‌కి, గేర్‌బాక్స్‌కి, కాయిల్ ఎలక్ట్రికల్ కిందికి వస్తుంది" అన్నారు. ఇంజన్ నెత్తి మీద కూర్చున్నది ఇంజన్ కాదట. సరే, డబ్బులు కడతా, మార్చండి అన్నా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. కాయిల్స్ అటూ ఇటూ మార్చినప్పుడు ఏది ఏదో కలిసిపోకూడదని భాయ్ ఏదైనా గుర్తు పెట్టమంటే, డోర్ పాకెట్‌లో మా పాప నెయిల్ పాలిష్ సీసా కనబడింది. మెరుపుల గులాబీ రంగు. పాడైన కాయిల్ నెత్తిన ఒక చుక్క పెట్టాం. నిన్న రాత్రి ఇంటికొచ్చి, ఫోన్ టార్చ్ వేసి బానెట్ ఎత్తి చూస్తే, మీరు "కొత్తగా వేసిన" కాయిల్ మీద గులాబీ చుక్క తళతళా మెరుస్తోంది. కంపెనీ నుంచే అలా వస్తోందా ఏంటి ఈమధ్య?

ఇంకోటి. లైటు తుడిచాక బండి ఎంత దూరం తిరిగిందో కూడా ఆ స్కానర్ చెప్తుంది. మీ గేటు దగ్గరే గుచ్చి చూశా. 0 కిలోమీటర్లు. రిపేరు నిజంగా చేసినా కోడ్ తుడుస్తారు, అది నాకూ తెలుసు, కానీ తుడిచి టెస్ట్ చేస్తే కదా పోయిందో లేదో తెలిసేది. ఆ పది కిలోమీటర్లు ఎవడు తిరిగాడు, ఏ బండిలో తిరిగాడు?

లైటు వెలిగి ఊరుకోవడం వేరు, ఇలా ఆరుతూ వెలుగుతూ కన్ను కొట్టడం వేరు. మిస్‌ఫైర్ గట్టిగా ఉంటేనే అలా కన్ను కొడుతుంది, కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి, పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. అది పోతే నా జేబుకి వేలల్లో చిల్లు. ఆ బండిలో మా పాపని స్కూల్లో దింపుతున్నాను. మీకు రెండు వేల ఆరొందలు, ఒక డబ్బా ముక్క, ఒకటో రెండో బోల్టులు. దొంగతనం చేసినా కాస్త కష్టపడి చేస్తారు ఎవరైనా, మీరు బానెట్ కూడా ఎత్తలేదు కదరా నాయనా!

ఒక్క విషయంలో మాత్రం మీకు మొక్కాలి. కారు కడుగుతారు. ఎంత బాగా కడుగుతారంటే టైర్ల మధ్యలో ఇరుక్కున్న మట్టి కూడా ఉండదు. ఆ కడిగే అబ్బాయిని మెకానిక్‌గా పెట్టుకుని ఉంటే నా లైటు ఎప్పుడో పోయేది, నిజంగా అంటున్నా.

సరే, బిల్లు మీద మీ స్టాంపు ఉంది, కాయిల్ మీద మా పాప నెయిల్ పాలిష్ ఉంది, రెండూ ఫోటోలు తీసి పెట్టా, స్కానర్ స్క్రీన్‌తో సహా. ఐదు లక్షల లోపు కొన్నదానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదట, కూకట్‌పల్లి దాకా రానక్కర్లేకుండా నేనుండే చోటే వేసుకోవచ్చట. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ కొడతా, తర్వాత అక్కడికి. నేను కొన్నది నాలుగు లక్షల ఎనభై వేలకి, గుర్తుంది కదా, చివరి అయిదు వేలు తగ్గించడానికి మీ మేనేజర్ గారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

సోమవారం పొద్దున్నే వస్తున్నా. కొత్త కాయిల్ డబ్బా నా ముందు విప్పి, నా ముందే బిగించి, పాతది నా చేతికివ్వాలి. లాంజ్‌లో కూర్చోను, బానెట్ పక్కనే నిలబడతా. కాఫీ వద్దు.

కారు కడగొద్దు.