శుభముహూర్తం గారికి బ్యాండు మేళం విన్నపం

మహారాజశ్రీ శుభముహూర్తం గారి దివ్యసముఖానికి,

పెద్ద డ్రమ్ము వాయిస్తూ, అడ్వాన్సులు పుచ్చుకుంటూ, పుచ్చుకున్న పాపానికి పన్నెండు మందిని పోగుచేస్తూ బతుకుతున్న ఒక బ్యాండు మేళం పెద్ద నమస్కరించి రాయునది ఏమనగా: ఇక్కడ మేము క్షేమం. మీరూ క్షేమమేనని పంచాంగంలో చూశాను.

అయ్యా, మీ రాకపోకల గురించే ఈ ఉత్తరం. నెలల తరబడి మీ ఊసే ఉండదు. వచ్చారంటే ఊళ్లో ఉన్న మండపాలన్నిటికీ ఒకే రాత్రి వస్తారు. ఈ మాసంలో ఇంతకంటే బలమైన ముహూర్తం లేదని పురోహితుల వారు సెలవిస్తే చాలు, మా వార్డులోనే మూడు పందిళ్లు లేస్తాయి. మూడింటికీ బ్యాండు కావాలి. ట్రంపెట్ మీద పై స్థాయి పగలకుండా నిలబెట్టగలిగినవాళ్లు మాత్రం చుట్టుపక్కల వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మా ట్రంపెట్ మాస్టరు ఆ రోజు నాలుగు మేళాల వాళ్లకి ఫోన్‌లో "వస్తున్నా అన్నా, దారిలో ఉన్నా" అని చెబుతాడు. అబద్ధమాడే మనిషి కాదు. ఏదో ఒక దారిలో ఉంటాడు.

మిగతావాళ్ల సంగతీ వినండి. మా క్లారినెట్ వాయించేవాడు దర్జీ. మీరు వచ్చే నెలే అతనికి జాకెట్ల నెల కూడా. పెళ్లికూతురి మేనత్త జాకెట్టు సాయంత్రం ఆరింటికి కుట్టి ఇచ్చి, ఏడింటికి అదే పెళ్లి ఎదురుకోలులో క్లారినెట్ ఊదుతాడు. చేతుల దగ్గర బిగుతుగా ఉందని ఆవిడ ఊరేగింపు మధ్యలోనే అతన్ని నిలదీస్తుంది. ఊదుతున్న మనిషి జవాబు చెప్పలేడు కదా, అదొక్కటే అతనికి రక్ష. సైడ్ డ్రమ్ము ఆటో తోలతాడు, కాబట్టి మీ రోజున అతనికి బేరాలు ఎక్కువ. యుఫోనియం అనే పెద్ద ఇత్తడి బాకా ఊదేవాడు ఇళ్లకు రంగులు వేస్తాడు. పెళ్లికి వారం ముందు ఎవరింట్లో చూసినా రంగులే. మీరు ఒక్క రోజు వస్తే మా అందరికీ రెండేసి పనులు, రాకపోతే ఒక్కటీ ఉండదు.

రాకపోవడం అంటే గుర్తొచ్చింది. 2024 ఎండాకాలంలో తమరు చేసిన నిర్వాకం మరిచిపోలేదు. గురుడూ శుక్రుడూ ఇద్దరూ కూడబలుక్కున్నట్టు సూర్యుడి చాటుకు వెళ్లారు. మే, జూన్ పెళ్లిళ్లు చేయకూడని మూఢంలో పోయాయి, ఆ వెనకే ఆషాఢం. మళ్లీ 2025 నవంబరు చివర్లో శుక్రుడొక్కడే వెళ్లి, 2026 ఫిబ్రవరి దాకా తిరిగి రాలేదు. ఆకాశంలో శుక్రుడు కనబడకపోతే ఇక్కడ ట్రాంబోన్ వాయించేవాడింట్లో బియ్యం కనబడవు. రెండూ ఒకే శాస్త్రం కింద వస్తాయో లేదో తమకే తెలియాలి. మూఢంలో హైదరాబాదుకు సెంట్రింగ్ పనికి వెళ్లిన మా రెండో ట్రంపెట్ ఇంకా అక్కడే ఉన్నాడు. మూఢం విడిచిన మర్నాడు ఆగిన పెళ్లిళ్లన్నీ మీద పడతాయి, ఆ రోజు అతని చోట ఎవరిని నిలబెట్టాలో ఏ పంచాంగంలోనూ రాసి ఉండదు. అప్పుడప్పుడూ లెక్క చాలక, ఊదడం రాని మేనల్లుడికి ఎర్రకోటు తొడిగి, బాకా చేతికిచ్చి, బుగ్గలు మాత్రం పూరించమని చెబుతాం. ఫొటోల్లో వాడే బాగా వస్తాడు.

ఇంత తంటా ఎందుకు పడుతున్నావయ్యా అంటారేమో. పన్నెండు మందీ వచ్చి, వీధిలో నిలబడి, సైడ్ డ్రమ్ము ఒక్క విదిలింపు ఇవ్వగానే ఏం జరుగుతుందో మీరెప్పుడూ చూసి ఉండరు. మీరు వచ్చేసరికి మమ్మల్ని పక్కకి నెట్టేస్తారు. అప్పటిదాకా అడ్వాన్సు పంపకంలో తగాదా పడ్డ ఇద్దరూ ఒకే శ్వాసలో పల్లవి ఎత్తుకుంటారు. ఎడమ కాలికి నా డ్రమ్ము, కుడి కాలికి తాళాలు. ఎవడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో పక్కవాడికి తెలుసు, ఆ సందులో వాడు పూరిస్తాడు. ఎవరూ ఎవరికీ చెప్పరు.

అదీ తేలిక కాదు. సందు ఇరుకైతే మేళం పొడుగ్గా సాగుతుంది. ముందు ట్రంపెట్లు, మధ్యలో నాట్యం చేసే బావమరుదులు, లైట్లు మోసేవాళ్లు, జనరేటరు బండి, అన్నిటికీ వెనక నేను. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ముందువాడు నాకు 34 మీటర్ల దూరంలో ఉంటే నా దెబ్బ అతని చెవిన పడేసరికి సెకనులో పదో వంతు ఆలస్యం. అది విని అతను ఊదితే, అది తిరిగి నా దగ్గరికి రావడానికి ఇంకో పదో వంతు. మీ లెక్కలో చిన్న కొలత విఘడియ అంటారు, అంటే 24 సెకన్లు. అందులో నేను ఒక పల్లవి ముగిస్తాను. అందుకే మావాళ్లకి మొదటి రోజే చెబుతాను, చెవిని నమ్మొద్దు, నా చేతిలో కర్రను చూడండి అని. ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి నడుస్తూ, ఓరకంట కర్రను చూస్తూ, ఎదురుగా పది రూపాయల నోటు ఊపుతున్న పెళ్లికొడుకు బాబాయిని తప్పించుకుంటూ, తాళం తప్పకుండా వాయిస్తారు. కాలాన్ని పాటించేది మీరా మేమా అని నేను అడగను. పెద్దవారు.

పైగా మీకు అర్ధరాత్రులంటే మహా ఇష్టం. మాఘమాసంలో రెండింటి వేళ చలికి క్లారినెట్, ట్రంపెట్ల శ్రుతి దిగిపోతుంది. కీబోర్డు శ్రుతి దిగదు, దానికి చలి లేదు. రెండూ కలిపి వినిపిస్తే మా తప్పంటారు. వైశాఖంలో అదే తిరగబడి, వేడికి ఊదేవన్నీ పైకి పోతాయి. ఇక రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వీధిలో వాద్యాలు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. మీరు 2 గంటల 17 నిమిషాలకు అంటారు, ఎస్సై గారు పదింటికల్లా అంటారు. మీ ఇద్దరిలో ఎవరిది బలమైన ముహూర్తమో ఆ రాత్రి స్టేషన్‌లో మా డ్రమ్ము విడిపించుకునేటప్పుడు తెలుస్తుంది.

అన్నట్టు ఆ 17 నిమిషాల మాట. శుభలేఖలో ఇంత సూక్ష్మంగా అచ్చయిన మీరు మండపంలో ఎవరికి లొంగుతారో అందరం చూస్తున్నాం. డ్రోను బ్యాటరీ మార్చుకునేదాకా ఊరేగింపు ఆగుతుంది. పెళ్లికూతురు నడిచి రావడం మళ్లీ తీయాలంటే మళ్లీ నడుస్తుంది, మేమూ అదే పాట మళ్లీ ఎత్తుకుంటాం. జీలకర్ర బెల్లం చేతిలో పట్టుకున్న పెళ్లికొడుకు "ఇటు చూడండి సార్" అన్నవైపు చూస్తాడు. తీరా లగ్నం జారిపోతే పెద్దలందరూ ఏకకంఠంతో అనే మాట, "బ్యాండు వాళ్లు ఆలస్యం చేశారు."

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. మీరు వచ్చే ఆ ఒక్క క్షణంలో మా నుంచి మీరు కోరేదేమిటి? గట్టిమేళం! సన్నాయి, డోలు వాళ్లు దొరకని పెళ్లిళ్లలో అదీ మా మెడకే పడుతుంది. పురోహితుడు చెయ్యి ఊపగానే పాటా లేదు, తాళమూ లేదు, ఎవడి చేతిలో ఉన్నది వాడు వాయించాలి, ఎంత గట్టిగా అయితే అంత. ఎవరి తుమ్మూ, ఎవరి అపశకునపు మాటా వినబడకూడదు కాబట్టి. రాత్రంతా మేము కలిపి నిలబెట్టిన లయ మీకు అక్కర్లేదు, దగ్గు కప్పిపుచ్చే చప్పుడు కావాలి. దానికైతే ఆ ఊదడం రాని మేనల్లుడు చాలడా?

కాబట్టి నా విన్నపం చిన్నది. వచ్చే మాఘంలో వచ్చేటప్పుడు ఒకే రాత్రి ఊరంతటికీ రాకుండా, వారానికి రెండు పెళ్లిళ్ల చొప్పున రండి. ఒక్క ముహూర్తమైనా రాత్రి పదికి ముందు పెట్టుకోండి. శుక్రుల వారు మళ్లీ చాటుకు వెళ్లదలిస్తే దర్జీకీ, ఆటోకీ, రంగులవాడికీ ఒక మాట ముందే చెప్పమనండి. ఈ ఉత్తరం నకలు ఫొటోగ్రాఫర్ గారికి పంపుతున్నాను, అసలు నిర్ణయాలు ఆయనవే కనుక.

ఇట్లు,
తమ రాకకై సంచీలో కర్రలు సర్దుకున్న,
పెద్ద డ్రమ్ము.

తా.క.: ఇది రాస్తుండగానే మాఘంలో ఒకే తేదీకి ముగ్గురు అడ్వాన్సు తెచ్చారు. మూడూ పుచ్చుకున్నాను. ట్రంపెట్ మాస్టరుకి ఫోన్ చేస్తే అప్పుడే దారిలో ఉన్నానంటున్నాడు.