ఆఖరి బంతిలో న్యాయం

అమెరికాలో డేటా పోయినోళ్లందరి తరఫున వేసిన ఒకే కేసులో కంపెనీ రాజీపడి ఇచ్చే క్లాస్ యాక్షన్ సెటిల్‌మెంట్లని వెటకారం చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుద్ది. ఇంత దయగల ఏర్పాటు ఇంకోటి చూపించండి, చూద్దాం.

జనాల అప్పుల చిట్టా రాసిపెట్టే ఈక్విఫ్యాక్స్ కంపెనీ సంగతే తీసుకోండి. సాఫ్ట్‌వేర్‌లో కన్నం పూడ్చే ప్యాచ్ 2017 మార్చిలోనే వచ్చింది, ఒక సర్వర్‌కి వెయ్యడం మర్చిపోయారు, పాపం పనుల్లో ఉండుంటారు, ఇక మే నుంచి జులై దాకా దొంగలు సొంతింట్లో తిరిగినట్టు తిరిగి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పట్టుకుపోయారు, పేరు, పుట్టినరోజు, మన ఆధార్ లాంటి సోషల్ సెక్యూరిటీ నంబర్‌తో సహా. హెచ్1బీ మీద దిగిన కొత్తలో లైన్లో నిలబడి సోషల్ కార్డు తెచ్చుకుని, దాన్ని పాస్‌పోర్టుతో కలిపి దేవుడి పటం వెనకాల దాచుకున్న మనోళ్లు కూడా అందులో ఉండే ఉంటారు. మా వివరాలు దాచిపెట్టు బాబూ అని ఆ కంపెనీని ఎవరూ అడగలేదనుకోండి, అది వేరే విషయం.

2019లో సెటిల్‌మెంట్ వచ్చింది. మొత్తం 70 కోట్ల డాలర్ల దాకా, మనిషికి 125 దాకా. ఆ 'దాకా'లోనే ఉంది కిటుకంతా. ఆ 125ల కోసం పక్కన పెట్టింది 3.1 కోట్లు, అంటే రెండున్నర లక్షల మందికి పూర్తిగా సరిపోదు. జనం ఎగబడ్డారు, పదిరోజులు తిరక్కుండానే వినియోగదారుల బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ వాళ్లే బయటికొచ్చి డబ్బులు పెద్దగా రావు, మీ పేరు మీద ఎవరైనా అప్పు తీస్తే చెప్పే ఫ్రీ క్రెడిట్ మానిటరింగ్ తీసుకోండని బతిమాలారు. పెళ్లిలో మొదటి బంతికి లాయర్లు కూర్చున్నారు, 7.75 కోట్లు, నెయ్యితో సహా. ఆఖరి బంతికి చారు, అది కూడా నీళ్లు కలిపి. 2022 చివర్లో డబ్బులొచ్చేసరికి కొందరి చేతిలో పడింది ఐదు డాలర్ల చిల్లర.

ఆ మానిటరింగ్ మాత్రం అద్భుతం. మొదటి నాలుగేళ్లు పోటీ కంపెనీ ఎక్స్‌పీరియన్ కాపలా, ఆ తర్వాత ఆరేళ్ల దాకా సాక్షాత్తూ ఈక్విఫ్యాక్సే. ఇంటికి తాళం వెయ్యడం మర్చిపోయినోడికే వాచ్‌మన్ ఉద్యోగం ఇచ్చి, జీతం బదులు మనం థాంక్స్ చెప్పాలన్నమాట.

అన్నట్టు ఇంకో మర్యాద మర్చిపోయా. మీ వివరాలు పోయాయో లేదో సెటిల్‌మెంట్ సైట్లో చూసుకోవాలంటే ఇంటిపేరు, సోషల్ నంబర్లో చివరి ఆరు అంకెలు కొట్టమన్నారు. ఉన్నవే తొమ్మిది. మిగతా మూడు అడగడానికి మొహమాటపడ్డారేమో.