బూత్ ఉంది సరే, ఫిల్టర్ ఎప్పుడు మార్చారు?

విశాఖలో గాలి కాలుష్యం అనగానే అందరి చూపూ పోర్టు వైపే పోతుంది. డాబా మీద పేరుకునే బొగ్గుపొడి కంటికి కనిపిస్తుంది మరి. గాజువాక ఆటోనగర్‌లో కార్లకు రంగు వేసే షెడ్లలో స్ప్రే గన్ నుంచి లేచే రంగు పొగ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

మామూలు గన్‌తో కొడితే సగానికి పైగా రంగు కారు డోరుకు అంటకుండా గాల్లో కలిసిపోతుంది. తక్కువ ప్రెషర్‌తో పనిచేసే హెచ్‌వీఎల్‌పీ గన్‌ను చెయ్యి తిరిగినవాడు పడితే దాదాపు 65 శాతం అంటుతుంది. అందుకే గాలి శుభ్రత గన్ దగ్గరే మొదలవ్వాలంటాను. రంగు డబ్బులూ మిగులుతాయి.

మిగిలిన తుంపరను పట్టేది బూత్, అంటే కారును లోపల పెట్టి రంగు కొట్టే మూసిన గది. పైనుంచి దిగిన గాలి నేల జాలీ కిందున్న ఫైబర్‌గ్లాస్ ఫిల్టర్‌లోంచి మెలికలు తిరుగుతూ పోతుంది. గాలి తిరిగినంత చురుగ్గా రంగు చుక్క తిరగలేదు, పీచుకు అంటుకుపోతుంది. కిటుకంతా ఇదే. పీచు నిండాక ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం సరిగా లాగదు. ఫిల్టర్‌కు అటూ ఇటూ ప్రెషర్ తేడా చూపే చిన్న గేజ్ ఆ సంగతి చెబుతుంది. నేను చూసిన ఒక షెడ్డులో ఆ గేజ్ అద్దం మీదే రంగు పేరుకుపోయింది. ముల్లు ఎక్కడుందో ఓనర్‌కే తెలీదు.

ఇంకో సంగతి. ఈ ఫిల్టర్ తుంపరను ఆపుతుంది కానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. దానికి ఆవిరిని పట్టి ఉంచే యాక్టివేటెడ్ కార్బన్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) లాంటిది వేరే కావాలి. టూకే పెయింట్‌లో, అంటే కొట్టే ముందు హార్డెనర్ కలిపే రంగులో, ఆ హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లనే రసాయనాలు మరీ మొండివి. ఒకసారి వాటివల్ల ఆస్తమా పట్టుకుంటే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఊపిరాడదు. మూతికి కట్టే కర్చీఫ్ దేనికీ పనికిరాదు. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్క్ కావాలి. మన ఉక్కలో మాస్క్ పెట్టుకోలేమంటారు కానీ, ఇందులో ముఖానికి గాలి తగులుతూనే ఉంటుంది.

వాడేసిన ఫిల్టర్లను మూల కుప్పపోయడం ఇంకో ప్రమాదం. కొన్ని రంగుల మడ్డి దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం రంగు వ్యర్థాలను మామూలు చెత్తలో వేయకూడదు. వాటిని శుద్ధి చేసే కేంద్రం పరవాడలోనే ఉంది. నెలకు ఒక బస్తా వచ్చే చిన్న షెడ్డువాడు దానికోసం అక్కడిదాకా పోతాడా? అనుమతి ఉన్న బండి ఒకటి ఆటోనగర్ వీధులన్నీ తిరగాలి. తనిఖీకి వచ్చే అధికారి బూత్‌ను చూసి తలూపి వెళ్లకుండా, ఈ ఏడాది ఫిల్టర్లు కొన్న బిల్లులు అడగాలి. ఆ బిల్లు దాచిపెట్టుకునే అలవాటు ఎన్ని షెడ్లలో ఉందో అప్పుడు తేలుతుంది.