ఐదు నిమిషాల జ్ఞాపకం చాలదా?

జ్ఞాపకశక్తి శాస్త్రాన్ని తరగతి గదిలోకి తీసుకురావాలని కొందరు పెద్దలు తెగ ఆరాటపడుతున్నారు. మనం దాన్ని ఎప్పుడో జీర్ణించుకున్నామని వారికి తెలిసినట్టు లేదు. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థం లేని అక్షరాలను వల్లెవేసి, వాటిని తానెంత త్వరగా మరచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో ప్రకటించాడు. ఆయన పేరు మన టెట్, డీఎస్సీ అభ్యర్థులను నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ మరపు లెక్కను గీతగా చూపే విస్మృతి వక్రరేఖను బట్టీ పట్టి, మార్కు తెచ్చుకుని, ఉద్యోగంలో చేరేనాటికి శుభ్రంగా మరచిపోతారు. ఆ సిద్ధాంతానికి ఇంత నమ్మకంగా ఋజువు సమకూర్చినవారు మరొకరు లేరు.

తర్వాత అమెరికావారి వంతు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివించారు. మరికొందరి చేత ఒక్క విడతే చదివించి, మిగతా మూడు విడతలూ పుస్తకం మూసి గుర్తున్నది రాయించారు. వారం తర్వాత చూస్తే చదివినవారికి 40 శాతం, రాసినవారికి 61 శాతం గుర్తుంది. ఈ అంకె పట్టుకుని మన పెద్దలు మురిసిపోతున్నారు. ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో చదివినవారికి 83, రాసినవారికి 71 వచ్చిన సంగతి మాత్రం పైకి చెప్పరు.

మనకు కావలసింది ఆ ఐదు నిమిషాలే. ఇంటర్ పరీక్ష కేంద్రం గేటు దగ్గర నిలబడి చూడండి. మడిచిన గైడులో చివరి వ్యాసరూప ప్రశ్నను పెదవులతో నములుతుంటాడు కుర్రాడు. తల్లి అరటిపండు అందిస్తే తల అడ్డంగా ఊపుతాడు, నోరు తెరిస్తే నిర్వచనం జారిపోతుందని. వాడిని 83 వదులుకుని 71కి దిగమనడం ఏ ధర్మం? వారం తర్వాత ఆ పాఠంతో ఎవరికి పని?

పోనీ, మన దగ్గర పరీక్షలకు కరవా? స్లిప్ టెస్టు నుంచి గ్రాండ్ టెస్టు దాకా రోజుకో పరీక్ష. కాకపోతే మార్కుల గొడవ లేకుండా పరీక్ష పెట్టి, తప్పెక్కడో పిల్లవాడికే చూపించాలంటున్నారు. అప్పుడు నోటీసు బోర్డు మీద ఏం అతికించాలి? నాన్నగారి ఫోనుకు ఏ ర్యాంకు పంపాలి? తప్పుకు మన దగ్గర ఇంపోజిషన్ ఉండనే ఉంది. సరైన జవాబు పదిసార్లు రాయించడం. నాలుగోసారికి చెయ్యి పనిలో ఉంటుంది, బుర్ర సెలవులో ఉంటుంది.

పాత పాఠాలను ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ అడగాలట. సిలబస్ డిసెంబరుకల్లా ముగించవలసినవారికి చెప్పే మాటేనా?

నిద్ర సంగతి మరీ విడ్డూరం. చదివింది నిద్రలోనే కుదురుకుంటుందట. తెల్లవారుజామున లైట్లు వేసి, దుప్పట్లు లాగి, స్టడీ అవర్‌కు తోలే హాస్టల్ వార్డెన్ ఈ మాట వింటే ఎంత నొచ్చుకుంటారు! అయినా పిల్లలు ఆ లోటు పూడ్చుకునే దారి కనిపెట్టారు. మధ్యాహ్నం భోజనం తర్వాత రసాయనశాస్త్రం పీరియడ్‌లో గడ్డం కింద చెయ్యి ఆనించి, పెన్ను జారకుండా పట్టుకుని చదివింది కుదురుకోనిస్తారు. లెక్చరర్ బోర్డు వైపు నుంచి తిరగకుండానే “అర్థమైందా?” అంటారు. “అర్థమైంది సార్!” అని తరగతి మొత్తం ఒక్క గొంతుతో అంటుంది, నిద్రపోతున్నవారితో సహా. నూటికి నూరు శాతం. అమెరికావారికి 83 దాటలేదు.