ఆడవాళ్ల ఓటు ఆడవాళ్లకే పడుతుందని ఎవరు చెప్పారు?

అమెరికాలో ఎన్నికలు ఎప్పుడొచ్చినా, పోలింగ్ ముగిసీ ముగియకముందే టీవీ స్టూడియోల్లో ఒక పట్టిక ప్రత్యక్షమవుతుంది. నల్లజాతి మహిళలు ఇంత శాతం, తెల్ల మహిళలు ఇంత, లాటినో మగవాళ్లు ఇంత. పట్టికతో మాకు గొడవేం లేదు. దాన్ని చూపిస్తూ చెప్పే కథతోనే పేచీ. ఎవరికి వేశారన్నది అందులో ఉంటుంది, ఎందుకు వేశారన్నది ఉండదు. ఆ ఎందుకును మాత్రం ఒంటి రంగు చూసో, ఆడా మగా అన్నది చూసో అక్కడికక్కడే వండి వడ్డించేస్తున్నారు.

2008 జనవరిలో సౌత్ కరోలినా డెమొక్రటిక్ ప్రైమరీకి, అంటే పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకు ముందు, సీఎన్ఎన్ ఒక కథనం వేసింది. ఒకవైపు ఒబామా, ఇంకోవైపు హిల్లరీ క్లింటన్. పాపం నల్లజాతి ఆడవాళ్లు జాతిని చూసి వెయ్యాలా, తోటి ఆడమనిషి అని వెయ్యాలా తేల్చుకోలేక సతమతమవుతున్నారన్నది దాని సారాంశం. పాఠకులు ఈమెయిళ్లలో దులిపేశారు. మాకు ఇరాక్ యుద్ధం గురించి, ఆరోగ్య బీమా గురించి అభిప్రాయాలు ఉండవా అన్నది వాళ్ల కోపం. ఆ కోపం మీద ఆ ఛానలే మరో వార్త రాయాల్సి వచ్చింది. అప్పటికి బరిలో జాన్ ఎడ్వర్డ్స్ కూడా ఉన్నారు, తెల్లవాడు, మగవాడు. మరి తెల్ల మగవాళ్లు ఏ రంగును చూసి వెయ్యాలో తెలియక తల పట్టుకున్నారా అని ఏ రిపోర్టరైనా వెళ్లి అడిగినట్టు మాకైతే గుర్తులేదు. వాళ్లకు పాలసీలు, మిగతావాళ్లకు పుట్టుకలు. అసలు చిరాకు ఇక్కడే.

నిజానికి ఆ ఇద్దరి మధ్య ఆలోచించుకోవడానికి బోలెడంత ఉంది. 2002లో ఇరాక్ మీద యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానానికి సెనేట్‌లో హిల్లరీ అనుకూలంగా ఓటేశారు. అదే నెలలో షికాగోలో ఒబామా ఆ యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ మాట్లాడారు. అందరూ ఆరోగ్య బీమా తీసుకుని తీరాలని హిల్లరీ ప్రణాళిక, పిల్లలకు మాత్రమే తప్పనిసరి అని ఒబామా ప్రణాళిక. 2007లో చాలా సర్వేల్లో నల్లజాతి ఓటర్లలో ముందున్నది హిల్లరీయే. పౌరహక్కుల పోరాటంలో పోలీసు దెబ్బలు తిన్న జాన్ లూయిస్ అంతటి మనిషి మొదట ఆమెకే మద్దతు ప్రకటించి, 2008 ఫిబ్రవరిలో ఒబామా వైపు మారారు. రంగు ఒక్కటే లెక్క అయితే లూయిస్‌కు అన్ని నెలలు ఎందుకు పట్టినట్టు? అయోవాలో ఒబామా గెలిచాక, తెల్లవాళ్లు 90 శాతానికి పైగా ఉన్న రాష్ట్రమే ఈయనకు వేసిందంటే ఈయన గెలవగలడన్న నమ్మకం నల్లజాతి ఓటర్లకు కుదిరింది. గెలిచే అవకాశం చూసుకుని ఓటేయడం ఎక్కడైనా జనం చేసే పనే. దాన్ని జాతి మమకారం అనేస్తే సరిపోతుందా?

ఆ అయోవాలోనే మహిళల్లోనూ ఒబామాకే ఎక్కువ ఓట్లు పడ్డాయి. అయిదు రోజులకు న్యూ హాంప్‌షైర్‌లో సర్వేలన్నీ తలకిందులై హిల్లరీ గెలిచారు, అక్కడ మహిళలు ఆమె వైపే మొగ్గారు. ఇక చూడండి, కారణం ఇట్టే దొరికేసింది: కన్నీళ్లు! పోలింగ్‌కు ముందు రోజు పోర్ట్స్‌మౌత్‌లో ఒక కాఫీ షాపులో, ఇంత తిరుగుడులో ఎలా నెట్టుకొస్తున్నారండీ అని ఒకామె అడిగితే హిల్లరీ గొంతు వణికింది, కళ్లు చెమర్చాయి. ఆ క్లిప్‌ను తిప్పి తిప్పి వేసి, అది చూసి ఆడవాళ్లు కరిగిపోయారని తీర్మానించారు. ఆ ప్రశ్న అడిగిన ఆమె మాత్రం మర్నాడు వెళ్లి ఒబామాకు ఓటేశారు. హిల్లరీకి ఎదురుగా నిలబడి ఆ చెమర్చిన కళ్లు చూసిన మనిషి ఆమె! టీవీలో చూసినవాళ్లు మాత్రం కరిగిపోయారట.

అదే ఏడాది ఆగస్టులో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి మెకెయిన్ శారా పేలిన్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా తెచ్చినప్పుడు హిల్లరీ అభిమానులైన ఆడవాళ్లంతా ఇటు వచ్చేస్తారా అని వారాల తరబడి చర్చలు. నవంబరులో ఎగ్జిట్ పోల్ ప్రకారం మహిళల్లో 56 శాతం ఒబామాకు, 43 శాతం మెకెయిన్‌కు. అబార్షన్ మీద, ఆర్థిక వ్యవస్థ మీద పేలిన్ మాట వేరు, హిల్లరీ మాట వేరు. ఇది స్టూడియోలో కూర్చున్నవాళ్లకు తట్టలేదేమో గానీ ఓటేసేవాళ్లకు తెలుసు.

అంకెలైనా గట్టివా అంటే అదీ అనుమానమే. 2016లో తెల్ల మహిళల్లో 52 శాతం ట్రంప్‌కు వేశారని ఎగ్జిట్ పోల్ చెప్పింది. ఇక దాని మీద ఎన్ని వ్యాసాలు, ఎన్ని తిట్లు, సాటి ఆడదాన్ని మోసం చేశారని ఎంత రాద్ధాంతం! నిజంగా ఓటేసినవాళ్లను ఓటింగ్ రికార్డులతో సరిచూసి ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ 2018లో విడుదల చేసిన అధ్యయనంలో అది 47 శాతం, హిల్లరీకి 45. మెజారిటీ కాదు, స్వల్ప ఆధిక్యం. ఈ సవరణ ఎంతమంది చెవిన పడిందంటారు?

జాతికీ లింగానికీ ఓటుతో సంబంధమే లేదని మేం అనడం లేదు. సౌత్ కరోలినాలో నల్లజాతి ఓటర్లు ఒబామాకు భారీగా వేశారు, వాళ్లలో తమవాడన్న సంతోషం కూడా ఉండే ఉంటుంది, అందులో తప్పేముంది? ఎన్నిక తర్వాత ఎన్నికలో నల్లజాతి మహిళల్లో పదికి తొమ్మిది మంది దాకా డెమొక్రాట్లకే వేస్తున్నారన్నదీ నిజం. అయితే 2004లో జాన్ కెర్రీకీ, 2020లో జో బైడెన్‌కీ అలాగే వేశారు, వాళ్లిద్దరూ తెల్ల మగవాళ్లేగా. 2006లో మేరీల్యాండ్ సెనేట్ పోటీలో రిపబ్లికన్ మైకేల్ స్టీల్ నల్లజాతి మనిషి, డెమొక్రాట్ బెన్ కార్డిన్ తెల్లవాడు; నల్లజాతి ఓట్లలో అత్యధికం కార్డిన్‌కే పడ్డాయి. ఏ పార్టీ తమకు ఓటు హక్కు నిలబెట్టింది, ఏ పార్టీ తమ చదువులకూ బీమాకూ డబ్బులు పెట్టింది అన్న లెక్క ఆ ఓటు వెనక ఉంది.

2024 ఫలితాలు చూస్తే ఈ డబ్బాల్లో ఓటరు ఇమడడని ఇంకా బాగా తెలుస్తుంది. మిస్సోరీలో అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే ప్రతిపాదన నెగ్గింది, అదే బ్యాలెట్‌లో ట్రంప్ సుమారు 58 శాతం ఓట్లతో గెలిచారు. అరిజోనాలోనూ అంతే, హక్కుకు 60 శాతం దాటి ఓట్లు, ట్రంప్‌కూ గెలుపు. ఒకే పెన్ను పట్టుకుని ఒకే కాగితం మీద ఈ రెండూ గుర్తుపెట్టినవాళ్లు లక్షల్లో ఉండి ఉంటారు. వాళ్లను ఏ గడిలో పెడతారు?

మన ఛానళ్లు దీనికి అతీతమేం కాదు. జేడీ వాన్స్ (ట్రంప్ ఉపాధ్యక్షుడు) భార్య ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లాలోని వడ్లూరు అని తెలియగానే కెమెరాలు అక్కడ వాలాయి, సరే, ఊరి వాళ్ల ముచ్చట వాళ్లది. కానీ అక్కడి నుంచి ఒక్క గెంతులో అమెరికాలో తెలుగు ఓటు ఎటు అన్న చర్చకు వెళ్లిపోవడమే విడ్డూరం. ఆ చర్చల్లో వీడియో కాల్‌లో కనిపించే కుర్రాళ్లు హెచ్1బీ మీదో, గ్రీన్ కార్డు మీదో ఉంటే వాళ్లకు అసలు ఓటే లేదు. ఓటున్న భారతీయ అమెరికన్లను 2020లో, 2024లో కార్నెగీ సంస్థ సర్వే చేసింది. బైడెన్‌కు వేస్తామన్నవాళ్లు 68 శాతం. తల్లి తమిళురాలైన కమలా హారిస్ స్వయంగా అధ్యక్ష పదవికి నిలబడితే 61 శాతం. మనవాళ్లు మనవాళ్లకే అన్న సూత్రం నిజమైతే పెరగాల్సింది తగ్గింది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ (అక్కడ గవర్నర్ తర్వాతి పదవి) అయ్యింది మన ఓట్లతో కాదు, అక్కడ మనవాళ్లు ఉన్నదే అంతంత మాత్రం.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో సిటిజన్‌షిప్ తీసుకున్న తెలుగువాళ్లకు ఫోన్ చేసి, మీ ఇంటి పన్ను ఎంత పెరిగింది, పిల్లల స్కూలు ఎలా ఉంది, ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టగలుగుతున్నారా, వెనక గ్రీన్ కార్డు క్యూలో ఉన్న తమ్ముడి సంగతేంటి అని అడిగితే ఒక్కొక్కరు అరగంట మాట్లాడతారు. ఆ అరగంట వినే ఓపిక ఉంటే, పట్టిక పక్కన రాయడానికి రిపోర్టర్‌కు ఏదో ఒకటి దొరుకుతుంది.